అరయూనిట్టు ఎండ

"మీ నీడ కాస్త పక్కకి తీయండి."

ఆయన నాతో అన్న మొదటి మాట అది. అప్పటికి నేనెక్కిన బస్సు అలిగి రోడ్డు వారన కూలబడి గంట దాటింది. డ్రైవరు ఇంజనులో తల దూర్చి దాన్ని బతిమాలుతున్నాడు. ఎదురుచూడటం నాకు చిన్నప్పటినుంచీ చేతకాని విద్య. సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. రెండు కిలోమీటర్లు నడిచాక ఒక కల్వర్టు, కల్వర్టు పక్కన ఒక వింత. భోజనాల బల్లకి మూడు చక్రాలు తగిలించి, పైన నల్లటి పలకలు పరిచి, మధ్యలో గాజుబుడ్డి బోర్లిస్తే ఎలా ఉంటుందో అలాంటి బండి. దాని పైమూతను నలుగురు కాలేజీ కుర్రాళ్ళు ఎత్తి, సూర్యుడి వైపు వంచి పట్టుకున్నారు. హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి చక్రం ఊడదీసి పంక్చరు వెతుకుతోంది. ఇంకాస్త దగ్గరగా చూద్దామని నాలుగడుగులు వేశాను. నా నీడ తిన్నగా వెళ్ళి ఆ పలకల మీద పడింది.

నీడ తీయమన్న మనిషి మడత స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత చెడని చొక్కాలో. ఒళ్ళో అట్ట పుస్తకం. కళ్ళు మాత్రం ఒకచోట నిలవడం లేదు. అమ్మాయి చేతుల మీదికి, అక్కణ్ణించి నా సంచి మీదికి, మళ్ళీ చేతుల మీదికి.

"ఏ జట్టు మీది?" అన్నాడు.

"జట్టులో ఉండే వయసాండీ నాది? బస్సు ఆగిపోతే నడిచి వెళ్తున్నాను."

"బస్సు ఏదీ?"

వెనక్కి చూపించాను. మలుపు అడ్డం వచ్చి బస్సు కనబడలేదు. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నేను అబద్ధం ఆడలేదు, అయినా చెమట పట్టింది.

అది విద్యార్థుల సోలార్ కార్ల పందెం. అయిదు రోజులు, పధ్నాలుగు జట్లు, ఎండ తప్ప వేరే ఇంధనం లేదు. ఒక్కో కారు వెనక ఒక్కో వ్యాను, ఒక్కో వ్యానులో ఒక పరిశీలకుడు. జట్టు దొంగతనంగా కరెంటు ఎక్కించుకోకుండా చూడటం పరిశీలకుడి పని. ఆ రోజు మూడోది. ఈ జట్టు మూడో స్థానంలో ఉంది. ఇదంతా నాకు చెప్పింది వ్యాను డ్రైవరు. జాలిపడి, "ఎక్కండి పెద్దాయనా, ముందు ఊళ్ళో దింపేస్తా" అన్నది కూడా అతనే.

"ఎక్కించుకోవచ్చు," అన్నాడు పరిశీలకుడు. "రూల్లో వద్దని లేదు. సంచి మాత్రం చూడాలి."

చూశాడు. రెండు పుస్తకాలు, తువ్వాలు, టీ ఫ్లాస్కు, మందుల పొట్లం, పళ్ళు సగం ఊడిన దువ్వెన, టార్చిలైటు. పుస్తకాలను కూడా పేజీలు దులిపి చూశాడు. టార్చిలైటు విప్పి రెండు సెల్స్ బయటికి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పందెం అయ్యేదాకా ఇవి నా దగ్గరుంటాయి."

"టార్చి సెల్స్‌తో కారు నడుస్తుందాండీ?"

"ఏది దేంతో నడుస్తుందో ముప్ఫై ఏళ్ళు చూశాను లెండి," అని చీటీ రాసిచ్చాడు: సెల్స్ రెండు, వాడినవి.

వెనక సీట్లో కూర్చున్న పొడుగాటి కుర్రాడు కిసుక్కున నవ్వి నా చెవిలో, "నిన్న నా గడియారంలోది కూడా తీయబోయాడు. మేం ఈయన్ని సీలు బాబాయ్ అంటాం. వినబడేలా అనకండి, అది కూడా రాసుకుంటాడు" అన్నాడు. జట్టులో తీగలూ మీటర్లూ చూసేది ఈ కుర్రాడే. మొదటి సంవత్సరంలో కాలేజీ మొత్తం చీకటి చేశాడట, అందుకని అందరూ ఫ్యూజు అంటారు. హెల్మెట్ అమ్మాయి కెప్టెన్. కారు నడిపేదీ ఆమే.

ముందు ఊరు వచ్చింది, పోయింది. నేను దిగలేదు. ఎక్కడో దిగాల్సిన పని ఉన్నవాడికి కదా ఊళ్ళ లెక్క!

అనుమానం పెనుభూతం అంటారు. ఆ మాట పుట్టించినవాడు మీటరు రీడరు అయ్యుండడు. మా సీలు బాబాయ్‌కి అనుమానం జీతమిచ్చిన వృత్తి. ఇరవై నాలుగో ఏట కరెంటాఫీసులో మీటరు రీడరుగా చేరాడు. వీధి వీధీ, మెట్టు మెట్టూ. ఇళ్ళను మనుషుల పేర్లతో కాక మీటర్ల చోటుతో గుర్తుపెట్టుకున్నాడు: తలుపు వెనక ఇల్లు, మెట్ల కింద ఇల్లు, క్యాలెండరు చాటు ఇల్లు. ఒకింట్లో చలికి పాడవుతుందని ముసలావిడ మీటరుకి ఊలు తొడుగు అల్లి వేసిందట. "ఆవిణ్ణి కూడా అనుమానించారా?" అని అడిగాను.

"తొడుగు విప్పి చూశాను. ఏం లేదు. మళ్ళీ తొడిగించాను," అన్నాడు. నవ్వలేదు. "పెద్దాయనా, ఇళ్ళు రెండు రకాలు. మీటరు చూసి వచ్చాక టీ ఇచ్చేవి, చూడకముందే ఇచ్చేవి. ముందే ఇచ్చిన ఇంట్లో టీ తాగకూడదు."

అప్పుడే నేను ఫ్లాస్కు తీసి ఆయనకు టీ పోయబోతున్నాను. మూత మళ్ళీ బిగించాను.

చివరి పదేళ్ళూ ఆయన్ని తనిఖీ బృందంలో వేశారు. రిటైరయ్యాక ఇంట్లో తోచక, పేపర్లో ప్రకటన చూసి ఈ పనికి వచ్చాడు. తోచకపోవడం ఆయనకా, ఆయన్ని భరించలేకపోవడం భార్యకా అన్నది నాకు ఆ సాయంత్రమే కొంత తెలిసింది. సాయంత్రం బస ఒక బడిలో. జట్టుకొక తరగతి గది. బెంచీలు గోడవారకు జరిపి, నల్లబల్ల మీద మిగిలిపోయిన భిన్నాల లెక్కల కింద అందరూ పడకలు పరుచుకుంటుండగా ఆయన ఫోను మోగింది. చెవి సరిగ్గా వినబడదు కాబట్టి గట్టిగా మోగే స్పీకరు పెట్టాడు.

"తిన్నారా? మాత్ర వేసుకున్నారా? ఆ పిల్లల్ని కాల్చుకు తింటున్నారా?"

"నా పని నేను చేస్తున్నానే."

"తెలుసు మీ పని. పాలు పొంగినా ఎవరు పొంగించారని అడిగే మనిషి. మా తమ్ముడికి చేసినట్టు మాత్రం చేయకండి, చెప్తున్నా."

ఆయన ఫోను కట్టేసి, దాన్ని కాసేపు అనుమానంగా చూసి, జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడి సంగతి అడగాలనిపించింది. అడగలేదు.

బ్యాటరీ తంతు ప్రతి సాయంత్రం ఒకే తీరు. సూట్‌కేసంత పెట్టె. ఎండ దిగేదాకా పలకల నుంచి దానికి కరెంటు ఎక్కించుకోవచ్చు. తర్వాత గంటసేపు దాన్ని ముట్టుకోకూడదు. అప్పుడు ఆయన తన సొంత మీటరు ఆనించి అందులో ఎంత ఉందో కొలిచి, ఎవరికీ కనబడకుండా పుస్తకం చాటు చేసుకుని రాస్తాడు. మూతకున్న రెండు కంతల్లోంచి సన్నటి తీగ దూర్చి, తీగకు సీసపు గుండు ఎక్కించి, పటకారుతో నొక్కుతాడు. గుండు మీద అంకె పడుతుంది. ఇక పొద్దున దాకా ఆ పెట్టె ఆయన తలగడ పక్కనే. ముద్ర వేసిన వస్తువును మనిషి ఎంత నమ్ముతాడో అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. మైనం, లక్క, సీసం. తాళం పగలగొట్టేవాడు కూడా ముద్ర దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు.

ఆ సాయంత్రం కొలత చూసి ఆయన ముఖం ముడుచుకుంది. మళ్ళీ కొలిచాడు.

"బాబాయ్‌గారూ," అంది కెప్టెన్, "మీరు కొలిచేటప్పుడు మీ మొహం చూస్తుంటే, మేమే ఏదో చేశామేమో అని మాకే డౌటొస్తోంది."

"చేశారా?"

"లేదు!"

"గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకోకు, అమ్మాయ్."

ఆమె కాళ్ళు టపటపలాడిస్తూ బయటికి వెళ్ళిపోయింది. ఆయన నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. నేనేదో ఆ క్షణంలో నమ్మదగినవాడిగా కనబడ్డానని కాదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే కడుపు ఉబ్బుతుంది.

"పలకల దగ్గర వాళ్ళ మీటరుంది. ఎండ ఎంత కరెంటు ఇచ్చిందో అది చెప్తుంది. మోటారు ఎంత తిన్నదో చెప్పే మీటరు ఇంకోటి. వచ్చింది, పోయింది తెలిస్తే మిగలాల్సింది తెలుస్తుంది కదా? మొదటి రోజు మిగలాల్సినదానికంటే అరయూనిట్టు ఎక్కువుంది. నా కొలత తప్పనుకున్నా. నిన్న యూనిట్టు. ఇవాళ యూనిట్టున్నర. సీలు సీలులాగే ఉంది, సరుకు పెరుగుతోంది."

"వాళ్ళనే అడగొచ్చుగా?"

"అడిగితే జాగ్రత్తపడతారు. నా అంకె నేను ఎవరికీ చూపించను."

మాటల్లోనే గుమ్మం దగ్గర తెల్ల టోపీ మాస్టారు ప్రత్యక్షమయ్యాడు. మా వెనక పన్నెండు నిమిషాల దూరంలో నాలుగో స్థానంలో ఉన్న జట్టుకు శిక్షకుడు. "ఒక్క నిమిషం వస్తారా?" అని ఆయన్ని చేతికుళాయి దాకా తీసుకెళ్ళి, అటూ ఇటూ చూసి, ఒక కవరు చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

కిటికీలోంచి ముగ్గురం చూశాం: నేను, ఫ్యూజు, కెప్టెన్.

"చూశావా?" అన్నాడు ఫ్యూజు. "మందంగా ఉంది."

"మనల్ని దొంగలంటూ, తను..." అంది కెప్టెన్. తర్వాతి మాట మింగేసింది.

నాకు కూడా పురుగు దొలిచింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆ పూట ఆ గదిలో ఎవరి వీపు ఎవరికీ పెట్టకుండా పడుకున్నాం.

పొద్దున్నే ముఖం కడుక్కుంటూ అడిగేశాను. "నిన్న ఆ కవరులో ఏముందండీ?"

ఆయన కోప్పడలేదు. కవరు తీసి నా చేతికిచ్చాడు. లోపల నాలుగు వరుసల ఫిర్యాదు, దాని వెనక పేజీలకు పేజీల పందెం నియమాలు. "మా ముందున్న జట్టు బయటి కరెంటు వాడుతున్నదని మా అనుమానం. విచారించగలరు."

"మధ్యాహ్నం చెక్‌పోస్టు దగ్గర రాసివ్వాలి," అన్నాడు. "వాడారా, లేదా. వాడారని రాస్తే బండి లారీ ఎక్కించుకుని ఇంటికి పోవడమే. మూడేళ్ళ పని. కాలేజీలో ఇక ఈ జట్టే ఉండదు. లేదని రాస్తే నా పుస్తకంలో ఉన్న యూనిట్టున్నర ఎక్కడిదో నేనే చెప్పాలి."

"మీరేమనుకుంటున్నారు?"

"దొంగతనమే. దారి దొరకట్లేదు."

దారి కోసం ఆయన ఆ ఉదయం బండి బయల్దేరే ముందే వెతుకులాట మొదలుపెట్టాడు. డ్రైవరు బరువు ఎనభై కిలోలకు తగ్గకూడదని నియమం. తక్కువైతే సీటు పక్కన ఇసుకమూట పెట్టుకోవాలి. కెప్టెన్ యాభై రెండు కిలోలు, మూట ఇరవై ఎనిమిది. ఆయన చూపు ఆ మూట మీద పడింది.

"విప్పు."

"కుట్టేశాం బాబాయ్‌గారూ. ఇసుకే అది."

"బ్యాటరీలు కూడా బరువే ఉంటాయి."

జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి మూటను మూడు చోట్ల పొడిచాడు. సర్రున ఇసుక కారింది. కారుతూనే ఉంది. ఇంకేం రాలేదు. ఫ్యూజు, "పోనీ, లోపల ఏనుగేమైనా ఉందేమో చూడండి" అన్నాడు.

ఆయన చలించలేదు. మూటను తూకం వేయించాడు. పావుకిలో తగ్గింది. "ఎనభైకి తగ్గింది. రూలు రూలే. ఎత్తండి."

కన్నం పొడిచిందీ ఆయనే, కారిన ఇసుక ఎత్తమన్నదీ ఆయనే! నలుగురు కుర్రాళ్ళు నేలమీద బోర్లాపడి పోస్టుకార్డులతో, అట్టముక్కలతో ఇసుక ఊడ్చారు. చాలనిది బడి ఆటస్థలంలోంచి తెచ్చారు. బయల్దేరేసరికి పదకొండు నిమిషాలు ఆలస్యం. కెప్టెన్ గాజుబుడ్డి మూసుకుంటూ ఆయన వైపు చూసిన చూపుకి కరెంటు ఉంటే బండి ఆ పూటంతా దాంతోనే నడిచేది.

ఆ రోజు రోడ్డు తిన్నగా, పొడుగ్గా ఉంది. ముందు ఆ నల్లటి బల్ల చప్పుడు లేకుండా జారిపోతోంది. పొలాల్లో మనుషులు పని ఆపి చూస్తున్నారు. "మెల్లగా నడుపుతోందేంటి?" అన్నాడు వ్యాను డ్రైవరు. "బ్యాటరీ చూసుకుని నడుపుతోంది," అన్నాడు ఫ్యూజు. "మా లెక్క ప్రకారం ఇంతకుమించి తొక్కితే సాయంత్రానికి దారిలో పడుకోవాలి."

సీలు బాబాయ్ ఆ మాట విన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత అడగకుండానే చెప్పాడు.

"నా భార్య తమ్ముడికి ఇస్త్రీ దుకాణం ఉండేది. రెండు పెట్టెలు, ఒక బల్ల. ఈ చొక్కా మడత చూశారుగా, ఇలా మడవడం వాడి దగ్గర నేర్చుకున్నదే. నేను తనిఖీలో చేరిన కొత్తలో ఆ వీధి నాకు పడింది. రోజంతా పెట్టెలు కాలుతున్నాయి, మీటరు చూస్తే ఎద్దు నడక. వాడు నన్ను చూడగానే, బావా టీ తాగు అన్నాడు."

"ముందే ఇచ్చిన టీ."

"ఊఁ. అనుమానం వచ్చినప్పుడు ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇల్లంతా ఆపేయాలి. ఒక్క బల్బు కూడా వెలగకూడదు. అప్పుడు మీటరులో చక్రం చూడాలి. ఆగితే ఒక సంగతి, తిరిగితే ఒక సంగతి, వెనక్కి జరిగితే ఇంకో సంగతి. అయిదు నిమిషాల పని. ఎన్ని వేల ఇళ్ళల్లో చేశానో! వాడి దగ్గర చేయలేదు. చుట్టూ జనం. బావమరిది కాబట్టి ఏదో ఒక వంక వెతుకుతున్నాడంటారని, చూసిన వెంటనే రాసేశాను. కనెక్షన్ కోశారు. దుకాణం పోయింది. ఆర్నెల్లకి ల్యాబు నుంచి కాగితం వచ్చింది. మీటరు దానంతటదే ముసలిదై మందగించిందట. వాడు ఏ పాపం ఎరగడు."

"అతనికి చెప్పారా?"

"ఆఫీసు ఉత్తరం రాసింది."

"మీరు?"

ఆయన నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరు చాలా అడుగుతున్నారు," అన్నాడు. కాసేపటికి తనే, "ఇప్పుడు వేరే ఊళ్ళో పెట్టుకున్నాడు దుకాణం. పందెం ఆగే ఊరుకి నలభై కిలోమీటర్లు అవతల. పధ్నాలుగేళ్ళయింది," అన్నాడు.

మధ్యాహ్నం చెక్‌పోస్టు ఒక ఖాళీ మైదానం. అక్కడ ప్రతి బండీ అరగంట ఆగాలి. గడియారం ఆగుతుంది, ఎండ ఆగదు. అందుకని అన్ని జట్లూ పలకలు సూర్యుడికి వంచి, దొరికినంత కరెంటు బ్యాటరీకి తాగిస్తాయి. మా వెనకే తెల్ల టోపీ బండి కూడా వచ్చింది. మాస్టారు తిన్నగా మా వ్యాను దగ్గరకే నడిచొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సీలు బాబాయ్ మడత స్టూలు వేసుకుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని, పెన్ను మూత తీశాడు. కెప్టెన్ హెల్మెట్ చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఏం రాస్తున్నారు?"

ఆయన పెన్ను కాగితానికి ఆనించాడు. ఎత్తాడు. మళ్ళీ ఆనించాడు. తెల్ల టోపీ, "ఇంకా పావుగంటే ఉందండీ" అని గుర్తుచేశాడు. అప్పుడు ఆయన పెన్నుకి మూత పెట్టి లేచి, వ్యాను పైనున్న టార్పాలిన్ పట్టా కిందికి లాగాడు.

"దీన్ని బండి మీద కప్పాలి. మోటారు కూడా ఆపండి."

"ఇప్పుడా!" ఫ్యూజు గొంతు చీలింది. "నడినెత్తి మీద ఎండ! ఉన్నదే పావుగంట! అసలు ఆ పట్టా కప్పనివ్వను బాబాయ్‌గారూ. దాన్నిండా దుమ్ము, గీతలు పడతాయి. ఒక్కో పలకా నెల రోజులు అతికించాం. దీని మీద మేం ఎప్పుడూ పాత దుప్పటి తప్ప ఏదీ కప్పలేదు. కెప్టెన్ వాళ్ళ అమ్మమ్మది, మెత్తటిది."

ఆయన చేతిలో పట్టా అలాగే ఆగింది.

"ఎప్పుడూ దుప్పటేనా?"

"ఎప్పుడూ."

"మీటరు సరిచేసి సున్నా ఎక్కడ పెట్టావు?"

"మా షెడ్డులో."

"పలకల తీగ ఊడదీశావా?"

ఫ్యూజు తడబడ్డాడు. "లేదు. సన్న తీగ అది, రెండుసార్లు తెగింది. మళ్ళీ తెగుతుందేమోనని ఊడదీయలేదు. దుప్పటి కప్పి పెట్టాను. కప్పేస్తే కరెంటు రాదు కదా, అందుకని."

"ఎన్నింటికి?"

"మధ్యాహ్నం. భోజనాల టైము."

"షెడ్డు పైన రేకులేమిటి?"

"ఇనపరేకులు. మధ్యలో వెలుతురు కోసం తెల్ల ఫైబరు రేకులు మూడు..." అంటూనే ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది.

కెప్టెన్ అప్పటికే పట్టాకు ఒక కొస అందుకుంది. "పట్టుకోరా," అంది ఫ్యూజుతో. "గీతలు పడితే పడనీ."

నలుగురూ పట్టా పరిచారు. అంచులు కింద నేల దాకా లాగి రాళ్ళు పెట్టారు. వెలుతురు దూరే సందు లేదు. ఆయన మోకాళ్ళ మీద వంగి మీటరు ముందు కూర్చున్నాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. సున్నా ఉండాల్సిన చోట ఒక చిన్న అడ్డగీత, పక్కన సున్నా పాయింటు అయిదు. మైనస్ అర ఆంపియరు.

"ఏమీ రానప్పుడు సున్నాకన్నా కింద చూపిస్తోంది," అన్నాడు ఆయన, ఎవరితోనూ కాదు. "అంటే వచ్చినప్పుడల్లా అర తక్కువ చెప్తోంది. వంద వోల్టుల మీద, రోజుకి పది గంటలు." వేళ్ళు మడిచాడు. "అరయూనిట్టు."

పల్చటి దుప్పటి, పైన తెల్ల రేకులు. ఆ షెడ్డులో దుప్పటిలోంచి కూడా ఎండ పలకల్లోకి జొరబడుతూనే ఉంది. వచ్చేదాన్ని ఏమీ రానట్టుగా లెక్కగట్టి అక్కడ సున్నా గీశారు. గీతలు పడతాయన్న ముద్దు కొద్దీ పుట్టిన తప్పు. పట్టా కప్పే మొరటువాళ్ళకి ఈ పొరపాటు జరిగే వీలే లేదు.

ఫ్యూజు నేలమీద చతికిలబడ్డాడు. వ్యాను డ్రైవరు మాత్రం, "అంటే సూర్యుడి కరెంటుకే మీటరు తిప్పేశారన్నమాట. ఆయన ఏ ఆఫీసుకెళ్ళి చెప్పుకుంటాడు!" అని పడీ పడీ నవ్వాడు.

తెల్ల టోపీ నవ్వలేదు. "మీటరు తప్పుగా ఉండటం కూడా తప్పే కదండీ. రూలుంది."

"ఉంది," అన్నాడు సీలు బాబాయ్. "రాస్తాను."

రాశాడు. బయటి కరెంటు వాడలేదు. పలకల మీటరు నెమ్మది. సున్నా తప్పు. సంతకం, కింద గీత. తప్పు మీటరుకి నిర్వాహకులు అరగంట జరిమానా వేశారు. పందెంలో అరగంట అంటే ఒక స్థానం పోయినట్టే.

పట్టా తీస్తూ కెప్టెన్ ఆయన ముందుకొచ్చి నిలబడింది. దొంగ కాదని తేలిన మనిషి ముఖంలా లేదు ఆమె ముఖం.

"మొదటి రోజే ఎక్కువ ఉందని మీకు తెలుసు. రెండో రోజు తెలుసు. ఆ అంకె ఒక్కసారి మాకు చూపించుంటే, మా మీటరే తప్పని ఆ పూటే పట్టుకునేవాళ్ళం. మూడు రోజులు బ్యాటరీలో ఉన్నది లేదనుకుని నత్తలా నడిపాను బాబాయ్‌గారూ."

"దొంగలనుకున్నాను. దొంగలకి అంకె చూపించరు."

"ఇప్పుడు?"

"అనుమానం సగంలో ఆపకూడదు, అమ్మాయ్. ఇవాళ ఆపలేదు."

"ఆ మాట ఇసుకమూట పొడవక ముందు గుర్తురాలేదా?" అని ఆమె బండెక్కి గాజుబుడ్డి మూసుకుంది. ఆయన స్టూలు మడిచాడు. నేను ఫ్లాస్కు తీసి టీ పోసి అందించాను. గ్లాసు వైపు, నా వైపు, మళ్ళీ గ్లాసు వైపు చూశాడు. తాగాడు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆ బల్ల నడక మారిపోయింది. దాచుకున్నామని తెలియకుండా దాచుకున్న యూనిట్టున్నరంతా రోడ్డు మీద కుమ్మరించారు. వ్యాను డ్రైవరు వెనకబడి తిట్టుకున్నాడు. అయినా అరగంట అరగంటే. అయిదో రోజు మధ్యాహ్నం గమ్యం చేరేసరికి లెక్కల్లో తెల్ల టోపీ బండే మా ముందు ఉంది. జరిమానా కలిపితే రెండు నిమిషాల తేడా. నాలుగో స్థానం.

గమ్యం ఒక బస్టాండు పక్క మైదానం. జనం, చప్పట్లు, నీళ్ళు చల్లుకోవడాలు. ఫ్యూజు పలకల మీద పడ్డ గీతలు లెక్కపెడుతున్నాడు. సీలు బాబాయ్ ఆ సందడిలోనే మోకాళ్ళ మీద కూర్చుని బ్యాటరీ పెట్టెకున్న ఆఖరి తీగ కత్తిరించాడు. సీసపు గుండును అరచేతిలో పెట్టుకుని అంకె సరిచూశాడు. పుస్తకంలో సంతకం చేసి, పేజీ చింపి కెప్టెన్ చేతికిచ్చాడు. పటకారు తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

ఫోటోగ్రాఫరు జట్టును బండి చుట్టూ నిలబెడుతున్నాడు. కెప్టెన్ అటూ ఇటూ చూసింది. కోపం ఇంకా పోలేదు, అయినా పిలిచింది. "బాబాయ్‌గారూ! ఇటు రండి, ఈ చివర నిలబడండి. బాబాయ్‌గారూ?"

ఆయన అక్కడ లేడు. రోడ్డు దాటుతున్నాడు, సంచి చంకలో, స్టూలు చేతిలో. ఆయన ఇంటికి వెళ్ళే బస్సులు మైదానం వైపు ఆగుతాయి. ఆయన రెండో వైపు ఆగే బస్సుల దగ్గరకు వెళ్ళాడు. నలభై కిలోమీటర్ల అవతలి ఊరి బోర్డు ఉన్న బస్సు వచ్చింది. ముందు ఆ బోర్డును, తర్వాత కండక్టరును, తర్వాత టిక్కెట్టును పరీక్షగా చూసి ఎక్కాడు. క్షమించమని అడగడానికో, ఆ దుకాణంలో పెట్టిన కొత్త మీటరు సరిగ్గా తిరుగుతోందో లేదో చూడటానికో నాకు తెలియదు. రెండోదే అయ్యుంటుందని నా అనుమానం.

ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నా టార్చి సెల్స్ రెండూ ఆయన చొక్కా జేబులోనే వెళ్ళిపోయాయి.